గోదావరి రుచుల రీల్స్: ఏవి నమ్మొచ్చు, ఏవి లెక్కకు నిలబడవు

ఆత్రేయపురం పూతరేకులు, భీమవరం రొయ్యల పచ్చడి, యానాం పులస, దిండిలో హౌస్‌బోటు. ఈ నాలుగింటి మీదా ఇన్‌స్టాలోనూ యూట్యూబ్‌లోనూ ఎప్పుడు చూసినా ఏదో ఒక కొత్త వీడియో తిరుగుతూనే ఉంటుంది. చూసినవాళ్ల అనుమానం ఒకటే: వీళ్లు నిజంగా తిని బాగుందంటున్నారా, డబ్బు తీసుకుని అంటున్నారా? రీల్ చూసి ఇది తేల్చడం ఎవరి తరమూ కాదు. డబ్బు తీసుకున్నవాళ్లు మంచి సరుకే చూపిస్తుండొచ్చు. పైసా తీసుకోని కుర్రాడు తెలియక నాసిరకాన్ని పొగుడుతుండొచ్చు. మనం తేల్చుకోగలిగినవి వేరే ఉన్నాయి. ఆ సరుకు ఆ ధరకు వస్తుందా, ఈ నెలలో దొరుకుతుందా, లేబుల్ మీద ఉన్నదీ నోటితో చెప్పిందీ ఒకటేనా. గోదావరి సరుకు వరకూ ఈ మూడూ ఇంట్లో కూర్చునే లెక్కేసుకోవచ్చు. ఆ లెక్కతోనే ఈ ప్రమోషన్లను బేరీజు వేశాం.

ముందు బేరాలు ఎలా కుదురుతాయో చూడాలి. మొదటిది బార్టర్. డబ్బు చేతులు మారదు. కొట్టువాళ్లు రెండు కిలోల పచ్చళ్లో, కుటుంబానికి భోజనమో, ఒక రాత్రికి గదో ఇస్తారు, అవతలివాళ్లు ఒక రీల్, రెండు స్టోరీలు పెడతారు. రెండోది నేరుగా పైకం. ఇందులో చెప్పాల్సిన మాటలు, తీయాల్సిన షాట్లు, ధర ఎక్కడ కనబడాలో కూడా కొట్టువాళ్లే రాసి పంపుతారు. ఒకే వారంలో నాలుగైదు పేజీల్లో "అమ్మమ్మ చేతి రుచి" అన్న ముక్క అచ్చు గుద్దినట్టు వినబడితే కారణం అదే. మూడోది కమీషన్. తగ్గింపు కోడ్‌లో ఆ ఇన్‌ఫ్లుయెన్సర్ పేరు ఉందంటే, ఆ కోడ్‌తో పడిన ప్రతి ఆర్డరూ ఆయన ఖాతాలో లెక్కకు వస్తుందన్నమాట.

మూడింట్లో కొనేవాళ్లకు ఎక్కువ నష్టం చేసేది ఈ కమీషన్ పద్ధతే. పైకం తీసుకున్నవాళ్ల పని రీల్ పెట్టడంతో అయిపోతుంది. కమీషన్ మీద ఉన్నవాళ్లు ఆర్డర్లు పడినంతకాలం చెబుతూనే ఉంటారు. ఇంట్లో ముగ్గురు ఆడవాళ్లు కూర్చుని రోజుకు ఇరవై కిలోల పచ్చడి కలిపే చోటికి రీల్ వైరల్ అయిన రాత్రి వందల ఆర్డర్లు వస్తే ఏం జరుగుతుంది? వాళ్లు చేతులెత్తేసి ఆర్డర్లు ఆపేయాలి, లేదంటే హోల్‌సేల్‌లో డబ్బాల లెక్కన పచ్చడి తెచ్చి తమ సీసాల్లోకి ఎత్తాలి. మొదటి పని చేసేవాళ్లు ఉన్నారు, వాళ్లకు దండం పెట్టాలి. రెండో పని జరిగితే మాత్రం, రీల్‌లో పొగిడినవాళ్లు తిన్నదీ నిజమే, బాగుందన్నదీ నిజమే, మీ ఇంటికి వచ్చింది మాత్రం వేరే సరుకు. అందుకని వైరల్ అయిన మొదటి వారంలో ఆర్డర్ పెట్టకండి. నెల ఆగి, కామెంట్లను కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని చదివి, అప్పుడు కొనండి.

డబ్బు తీసుకుంటే ఆ మాట చెప్పి తీరాలని నిబంధన ఉంది. ప్రకటనల ప్రమాణాల మండలి ఆస్కీ 2021 జూన్ 14 నుంచి ఇన్‌ఫ్లుయెన్సర్ల పోస్టులకు ప్రకటన అన్న లేబుల్ తప్పనిసరి చేసింది. వీడియో 15 సెకన్లలోపైతే లేబుల్ కనీసం 3 సెకన్లు ఉండాలి. 15 సెకన్లు దాటి 2 నిమిషాల లోపైతే మొత్తం నిడివిలో మూడో వంతు సేపు, 2 నిమిషాలు దాటితే ఆ సరుకు గురించి మాట్లాడినంతసేపూ కనబడాలి. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ సీసీపీఏ 2022 జూన్ 9న తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు తెచ్చింది. సరుకును పొగిడేవాళ్లకు దాని గురించి తగినంత సమాచారమో, వాడిన అనుభవమో ఉండాలని, చెప్పేది వాళ్ల నిజమైన అభిప్రాయమై ఉండాలని అందులో ఉంది. 2023 జనవరిలో వినియోగదారుల వ్యవహారాల శాఖ మరింత విడమరచి చెప్పింది. డబ్బే కాదు, ఉచితంగా వచ్చిన సరుకు, గది, ప్రయాణం, చుట్టరికం కూడా చెప్పాల్సిన సంబంధాలే. వీడియోలో రాతలోనూ మాటలోనూ చెప్పాలి. రీల్ ఏ భాషలో ఉంటే ఆ మాట కూడా ఆ భాషలోనే ఉండాలి.

మన గోదావరి రీల్స్‌లో ఎక్కువగా నీరుగారిపోయేది ఈ ఆఖరి నిబంధనే. అరగంట సేపు అచ్చ తెలుగులో "ఆయ్, రండండి, తినండండి" అని మాట్లాడి, వివరణ పెట్టెలో అడుగున, హ్యాష్‌ట్యాగుల గుంపులో ఒక ఇంగ్లీషు పొడి అక్షరం పడేస్తారు. అది చెప్పినట్టు కాదు. యూట్యూబ్‌లో పెయిడ్ ప్రమోషన్ అని టిక్ పెడితే వీడియో మొదట్లో 10 సెకన్లు ఆ మాట తెర మీద కనబడుతుంది. ఇన్‌స్టాలో పేరు కింద పెయిడ్ పార్ట్‌నర్‌షిప్ అని పడుతుంది. ఇవి పెట్టినవాళ్లను అనుమానించక్కర్లేదు, పైగా వాళ్లకు ఒక మార్కు ఎక్కువ వేయాలి. డబ్బు సంగతి దాచనివాళ్లు రుచి సంగతి కూడా దాచకపోవచ్చు. ఏ లేబులూ లేకుండా కొట్టు పేరు, ఫోన్ నంబరు, ధరల పట్టిక, కొరియర్ వివరాలు పూసగుచ్చినట్టు చెప్పే రీల్ దగ్గరే ఆగి ఆలోచించండి. తోచి తిని బాగుందని చెప్పే మనిషి నోటికి ధరల పట్టిక అంత పొందికగా రాదు.

ఇక సరుకుల్లోకి వద్దాం.

పూతరేకుల రీల్స్‌ది మధ్యస్థం. తయారీ చూపించేంతవరకు నమ్మొచ్చు, ఎందుకంటే అందులో అబద్ధం చెప్పడానికి ఏమీ లేదు. నానబెట్టిన బియ్యాన్ని మెత్తగా రుబ్బి పల్చగా జారుగా చేసుకుంటారు. బోర్లించిన ప్రత్యేకమైన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట. పల్చటి గుడ్డను ఆ పిండిలో ముంచి, కాలిన కుండ మీద ఒక్క విసురులో లాగితే రెప్పపాటులో పొర కట్టి, అంచు లేచి ఊడి వస్తుంది. మంట ఎక్కువైతే పొర ఎర్రబడి చిట్లిపోతుంది. పిండి చిక్కనైతే రేకు దళసరై నమిలితే సాగుతుంది. కొబ్బరాకు మంట వెంటనే పెరిగి వెంటనే తగ్గుతుంది, చేసేవాళ్లు దానికి తగ్గట్టు ఆకు అందిస్తూ ఉండాలి. ఈ పని కెమెరా కోసం నటించేది కాదు. ఆత్రేయపురం వీధుల్లో చూసినా అదే కనబడుతుంది.

తేడా నెయ్యి దగ్గర వస్తుంది. రీల్‌లో మడిచిన పూతరేకు మీద గరిటెతో నెయ్యి ధారగా పోస్తారు. చూడ్డానికి బాగుంటుంది, కానీ అలా పోసిన పూతరేకును ఎవరూ పెట్టెలో పెట్టి అమ్మరు. పెడితే మర్నాటికల్లా రేకు నాని ముద్దవుతుంది. అమ్మకానికి చేసేటప్పుడు రెండు మూడు రేకులు పరిచి, తడిగుడ్డతో అద్ది మెత్తబరిచి, నెయ్యి పైపైన చిలకరించి, పంచదార పొడో బెల్లం పొడో చల్లి మడుస్తారు. కాబట్టి రీల్‌లో చూపింది అక్కడే కూర్చుని తినే పళ్లెం. మీకు కొరియర్‌లో వచ్చేది పొడిగా ఉంటుంది, ఉండాలి కూడా. "రీల్‌లో చూపినంత నెయ్యి లేదు" అని ఒక్క నక్షత్రం ఇచ్చేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

నెయ్యి ఎంత అన్నదాని కన్నా ఏ నెయ్యి అన్నది అడగండి. లెక్క చూడండి. గేదె పాలలో వెన్న శాతం 6 నుంచి 7 వరకు ఉంటుంది, ఆవు పాలలో 4 దగ్గర. అంటే కిలో నెయ్యికి గేదె పాలైతే సుమారు 15 లీటర్లు, ఆవు పాలైతే 25 లీటర్లు కావాలి, తరుగు దీనికి అదనం. పెద్ద డెయిరీలు వెన్న తీసిన పాలను పొడి చేసి అమ్ముకుంటాయి కాబట్టి వాళ్లకు గిట్టుబాటు అవుతుంది. పాలు తోడుపెట్టి కవ్వంతో చిలికి తీశామంటున్న ఇంటి నెయ్యికి ఆ వెసులుబాటు లేదు, మిగిలేది మజ్జిగే. మీ ఊళ్లో ఆవు పాల ధరను 25తో గుణించండి. ఆ మొత్తంలో సగానికే "కవ్వంతో చిలికిన దేశవాళీ ఆవు నెయ్యి" అమ్ముతున్నామని రీల్‌లో చెబితే రెండు మాటల్లో ఒకటి నిజం కాదు.

పూతరేకు పెట్టె రాగానే ఒకటి విరిచి చూడండి. రేకు సన్నగా చప్పుడు చేస్తూ పొరలు పొరలుగా విడిపోవాలి. నోట్లో పెట్టుకుని కరిగాక నాలుకతో అంగిలి తడిమి చూసుకోండి. మంచి నెయ్యి శరీరపు వేడికి కరిగి జారిపోతుంది. డాల్డా కలిస్తే మైనంలాంటి జిడ్డు అంగిలికి అంటుకుని, మంచినీళ్లు తాగినా వదలదు. లేబుల్ మీద వనస్పతి అనో, ఎడిబుల్ వెజిటబుల్ ఫ్యాట్ అనో ఉంటే ఇక రుచి చూడక్కర్లేదు. బెల్లం పూతరేకులు వానాకాలంలో దూరాలకు తెప్పించుకోవద్దు. బెల్లం గాలిలో తేమను లాక్కుని రేకును జిగటగా చేస్తుంది. పంచదార పొడివే కాస్త నిలుస్తాయి. ఈ చిన్న సంగతి చెప్పే రీల్ అరుదు. ఎవరైనా చెబితే ఆ పేజీని గుర్తుపెట్టుకోండి, సరుకు తెలిసినవాళ్లు.

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అప్పటినుంచి "జీఐ ట్యాగ్ ఉంది, కళ్లు మూసుకుని కొనండి" అనడం రీల్స్‌లో అలవాటైంది. జీఐ చెప్పేది ఆ పేరు ఏ ఊరిది, ఏ పద్ధతిది అని. ఏ పెట్టెలో ఏ నెయ్యి పడిందో అది చెప్పదు. హైదరాబాద్‌లో మడిచిన పెట్టె మీద ఆత్రేయపురం అని ఉంటే మాత్రం చిరునామా చూసి అడగొచ్చు.

మాంసం పచ్చళ్ల రీల్స్ అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్తగా చూడాల్సినవి. ధర ఎక్కువ, కల్తీకి చోటు ఎక్కువ, చెడితే ఒంటికి ముప్పు. భీమవరం, అమలాపురం చుట్టుపక్కల రొయ్యల చెరువుల మధ్య ఉన్నవాళ్లకు కౌంటు అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. బయటివాళ్ల కోసం చెప్పాలి: కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు. ముప్పై కౌంటు అంటే పెద్ద రొయ్య, వంద కౌంటు అంటే చిన్నది, ధర బాగా తక్కువ. రీల్‌లో చెంచాతో పైకి లేపి చూపించేది చాలాసార్లు ముప్పై, నలభై కౌంటు రొయ్య. సీసాలో వచ్చేది వంద కౌంటు. రెండూ రొయ్యలే కాబట్టి అబద్ధం అనడానికి వీల్లేదు, అందుకే ముందే అడగాలి. "ఏ కౌంటు రొయ్య వేస్తారండి?" అని మెసేజ్ పెట్టండి. కౌంటు చెప్పగలిగినవాళ్లు రొయ్యలు తామే కొంటున్నారు. ఆ మాటే అర్థం కానివాళ్లు ఎక్కడో తయారైన పచ్చడి తెచ్చి అమ్ముతున్నారు.

తరుగు లెక్క కూడా రాసుకోండి. తలతో ఉన్న వనామీ (చెరువుల్లో పెంచే రకం) రొయ్య కిలో తెస్తే తల, పొట్టు, పేగు తీశాక సుమారు 550 గ్రాములు మిగులుతుంది. పచ్చడికి తడి ఆరేదాకా వేయిస్తే అందులోనూ సగం పోయి 275 నుంచి 300 గ్రాములు తేలుతుంది. కిలో పచ్చడిలో సగం రొయ్య ఉందని రీల్ చెబుతోందనుకోండి. 500 గ్రాముల వేగిన రొయ్యకు కిలో ముప్పావు పచ్చి రొయ్య కావాలి. కిలో 350 రూపాయలు అనుకుంటే ఒక్క రొయ్యకే 600 దాటుతుంది. దాని మీద నూనె, కారం, అల్లం వెల్లుల్లి, నిమ్మరసం, గ్యాసు, కూలి, సీసా, కొరియర్, పైన ఇన్‌ఫ్లుయెన్సర్ కమీషన్. అదే కిలో "ఆఫర్‌లో 699" అంటే సగం రొయ్య ఉండే వీలు లేదు. మీ బజారులో ఆ రోజు ధర వేసి చూసుకోండి, ఏ రీల్‌కైనా ఈ లెక్క పనిచేస్తుంది. బోన్‌లెస్ చికెన్ పచ్చడికీ వేపుడులో సగానికి సగం తరుగు వేసుకోవచ్చు.

వచ్చిన సీసాను తూచడం కూడా సులువే. 250 గ్రాముల సీసా తీసుకుని జల్లెట్లో ఒంపి, కింద గిన్నె పెట్టి గంటసేపు వదిలేయండి. నూనె దిగిపోతుంది. రొయ్యలను చేత్తో ఏరి, అంటుకున్న గుజ్జు దులిపి వంటింటి కాటా మీద పెట్టండి. సగం రొయ్య అన్నవాళ్ల సీసాలో 110, 120 గ్రాములైనా తూగాలి. 60, 70 దగ్గర ఆగితే మీరు రొయ్య ధరకు నూనె, కారం కొన్నట్టు. సీసా మీది దినుసుల పట్టిక కూడా ఇదే చెబుతుంది, ఎందుకంటే దినుసులను బరువులో ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది తర్వాత వచ్చేలా రాయాలన్నది నియమం. మొదట నూనె, ఆ తర్వాత కారం, మూడోదిగా రొయ్య అని ఉంటే రీల్ చూడాల్సిన పని లేదు.

"ప్రిజర్వేటివ్స్ లేవు, ఏడాది నిల్వ" అన్న మాట ఆవకాయకు చెల్లుతుంది. ఉప్పు, ఆవపిండి, నూనె సరిగ్గా పడితే ఏడాది నిలవడం దాని సహజం. రొయ్యకు, కోడికి ఆ మాట చెల్లదు. ముక్క లోపల తడి మిగిలిందంటే కొన్ని వారాల్లోనే మూత దగ్గర బూజో, పుల్లటి చెడు వాసనో, బుడగలో వస్తాయి. బాగా వేగినా నూనె ముక్కిపోయిన వాసన పట్టడానికి నెలలు చాలు. సీసా మూత ఉబ్బినా, తీయగానే గాలి చిమ్మినా రుచి చూడకుండా పక్కన పెట్టేయండి. ఆవకాయ రీల్స్‌లో చూడాల్సింది కాయ. వేసవి కాయ మీద కలిపినది ఒకటి, పునాస కాయ, అంటే కాలం కాని కాలంలో కాసిన కాయ మీద కలిపినది ఒకటి. డిసెంబరులో పచ్చి ముక్కలు కొడుతూ "ఇప్పుడే కొత్తావకాయ" అంటే ఏ కాయండీ అని అడగొచ్చు.

సీసా మీద ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉండాలి. 1తో మొదలైతే లైసెన్సు, 2తో మొదలైతే చిన్న వ్యాపారులకిచ్చే రిజిస్ట్రేషన్. ఆ నంబరును ఆ సంస్థదే అయిన ఫోస్కాస్ వెబ్‌సైట్‌లో కొడితే పేరు, చిరునామా, గడువు తెలుస్తాయి. రీల్‌లో "రాజోలులో మా పెరటి పొయ్యి మీద" అని చెప్పి నంబరు హైదరాబాద్ శివారు గోదాములో తేలితే ఆ ఒక్క సంగతి చాలు. నంబరు ఉన్నంత మాత్రాన రుచి బాగుంటుందని కాదు, చెడితే పట్టుకోవడానికి ఒక మనిషి ఉన్నాడని అర్థం. నికర బరువు, తయారీ తేదీ, ఎమ్మార్పీ, ఫిర్యాదుకు నంబరు కూడా ఉండాలి. మాంసం పచ్చడికి గోధుమరంగు త్రికోణం గుర్తు లేకపోతే ఆ ప్యాకింగు చేసినవాళ్లకు నియమాలే తెలియవు.

పులస రీల్స్ మీద మా మాట కటువుగానే ఉంటుంది. చాలావాటిని నమ్మొద్దు. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెతతో మొదలై, మట్టిపాత్రలో ఉడుకుతున్న పులుసుతో ముగిసే ఈ వీడియోలు ఏడాది పొడుగునా వస్తాయి. చేప అలా రాదు. గోదావరికి ఎర్రనీరు (వరద నీరు) తగిలాక, జూలై నుంచి సెప్టెంబరు దాకా సముద్రంలోని ఇలస గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతుంది. అలా తీపి నీటిలో పైకి వచ్చిన దాన్నే పులస అంటాం. మిగతా నెలల్లో, ఆ నెలల్లో కూడా చాలాసార్లు, అమ్ముడుపోయేది సముద్రపు ఇలస, లేదా ఐసులో ఒడిశా నుంచో ఇంకెక్కడినుంచో వచ్చింది. ఏటి పులస దొరకడం తగ్గిపోయి, యానాం వేలంలో ఒక్క చేపే పది వేలు దాటి పలుకుతున్న కాలం ఇది. కిలోన్నర చేపకు తల, తోక కలిపి పది పన్నెండు ముక్కలు వస్తాయి. చేప 12,000 అనుకుంటే ముక్క కొన్నందుకే వెయ్యి పడుతుంది. "పులస పులుసు, రెండు ముక్కలు 500" అని బోర్డు చూపిస్తూ లొట్టలేసే రీల్‌కు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

చింతపండు పులుసులో బెండకాయలు, వంకాయలు వేసి ఉడికించి, ఒక రాత్రి ఊరనిచ్చాక అది ఏటిదా సముద్రపుదా అని నాలుకతో చెప్పడం అలవాటు పడ్డవాళ్లకే కష్టం. మొదటిసారి తిన్న వ్లాగర్ "ఇదే అసలు పులస" అనడానికి ఆధారం ఏమీ ఉండదు. కొయ్యకముందు చేపను చూపించమనండి. పొలుసు మీద బంగారు ఛాయ తేలితే ఏటిది కావొచ్చు, తెల్లగా వెండిలా ఉంటే సముద్రానిది. ఇలస కూడా మంచి చేపే. ఇలస అని చెప్పి ఇలస ధరకు పెట్టే హోటలుకు నిర్భయంగా వెళ్లొచ్చు.

హౌస్‌బోట్లు, హోమ్‌స్టేల వీడియోలు అబద్ధాలు కావు, కానీ ఏ నెలవో చెప్పవు. కోనసీమ సార్వా (వానాకాలపు వరి) చేలు ఆగస్టు నుంచి అక్టోబరు దాకా, దాళ్వా (రెండో పంట) చేలు జనవరి నుంచి మార్చి దాకా పచ్చగా ఉంటాయి. డ్రోన్ షాట్లన్నీ అప్పటివే. వేసవిలో మరమ్మతుల కోసం డెల్టా కాలువలు కట్టేస్తారు. సాధారణంగా ఏప్రిల్ మధ్యలో ఆపిన నీళ్లు జూన్‌లో వదులుతారు. కాలువ గట్టున ఉయ్యాల చూసి మే నెల సెలవులకు పిల్లలతో వస్తే కనబడేది అడుగు మడ్డి, కోసిన మోళ్లు, ఉక్కపోత. సంక్రాంతికి వస్తే గది ఉంటుంది కానీ రీల్‌లో చెప్పిన ధరకు దొరకదు. బుక్ చేసేముందు వారం లోపు తీసిన వీడియో పంపమనండి. జనరేటరు ఉందా, రాత్రి బోటు ఎక్కడ ఆపుతారు, మనిషికొక లైఫ్ జాకెట్టు ఉందా, పిల్లల సైజువి ఉన్నాయా అని అడగండి. జాకెట్టు లేకుండా డెక్ మీద డ్యాన్సు చేసిన రీల్ పెట్టుకుని తిరిగే బోటును ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. ఉచితంగా ఇచ్చిన గది కూడా చెప్పాల్సిన సంబంధమే.  "మేం మా డబ్బుతోనే ఉన్నాం" అనేవాళ్లు బిల్లు చూపిస్తే సరి.

హోటళ్ల సంగతి క్లుప్తంగా: కెమెరా వస్తోందని ముందే తెలిసిన పళ్లెం వేరు, మధ్యాహ్నం రెండింటికి మీ ముందు పడే పళ్లెం వేరు. వంట మనిషి టేబుల్ దగ్గరకు వచ్చి వడ్డిస్తున్నాడంటే అది ముందే చెప్పి తీసిన వీడియో. మ్యాప్‌లో మూడు నక్షత్రాలు ఇచ్చినవాళ్ల మాటలు చదవండి, అయిదువీ ఒకటివీ వదిలేయండి.

మెచ్చుకోవాల్సినవాళ్లూ ఉన్నారు. బిల్లు చూపిస్తారు, సీసాను కాటా మీద పెడతారు, ఉప్పెక్కువైతే ఎక్కువైందంటారు, మూడు నెలల తర్వాత అదే సీసా తెరిచి మళ్లీ చూపిస్తారు. కింద ఎవరైనా నా సరుకు చెడిపోయి వచ్చిందని రాస్తే ఆ కామెంటు తీసేయకుండా కొట్టువాళ్లను నిలదీస్తారు. కొత్త పేజీని నమ్మేముందు దాని పాత రీల్స్ ఆరు నెలలు వెనక్కి తిప్పండి. ఆరు నెలల్లో నాలుగు పచ్చళ్ల కంపెనీలను "గోదావరిలో ఇదే నంబర్ వన్" అన్న పేజీకి మీ డబ్బు అప్పజెప్పకండి.

మోసం జరిగితే చేయాల్సింది వెంటనే మొదలుపెట్టాలి. స్టోరీ 24 గంటల్లో మాయమవుతుంది కాబట్టి ఆర్డర్ పెట్టే రోజే ఆ రీల్‌నీ స్టోరీనీ స్క్రీన్ రికార్డ్ చేసుకోండి. కోడ్, యూపీఐ రెఫరెన్సు, కొట్టువాళ్లతో చాటింగు ఉంచుకోండి. పార్శిల్‌ను చిరునామా కనబడేలా మొదలుపెట్టి, ఆపకుండా వీడియో తీస్తూ విప్పండి. ముందు కొట్టుకు రాసి వారం చూడండి. జవాబు లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. తిండి చెడిపోయిన కేసైతే ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో కూడా పెట్టండి. లేబుల్ దాచిన ఇన్‌ఫ్లుయెన్సర్ మీద ఆస్కీకి విడిగా రాయొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుడు ప్రచారం చేసినవాళ్లకు సీసీపీఏ 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. ఏడాది దాకా, మళ్లీ తప్పు చేస్తే మూడేళ్ల దాకా ప్రచారం చేయకుండా ఆపొచ్చు. ముందే వాకబు చేసి చెప్పామని రుజువు చూపితే మాత్రం ఇన్‌ఫ్లుయెన్సర్‌కు ఆ శిక్ష ఉండదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో మీరున్న ఊరి నుంచే కేసు వేయొచ్చు, సరుకు విలువ 5 లక్షల లోపైతే ఫీజు కట్టక్కర్లేదు. అంతదాకా వెళ్లాలనుకుంటే చెడిన పచ్చడి సీసాను పారేయకుండా మూత బిగించి, లేబుల్ తడవకుండా ఒక కవర్లో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి.